వాల్వుకు ఒక పూట సెలవు

తిరుపతి
ఫిబ్రవరి 12

మేస్త్రి మునస్వామన్నకు,

శాంతయ్య రాసేది. ప్రభువు దయతో ఈడ బాగుండాను. ఆడ నువ్వు, రేవతమ్మ, పిల్లోళ్ళు బాగుండారని తలుస్తా.

మొన్న ఫోను చేసినా. రేవతమ్మ ఎత్తింది. నీకు ఇనపడక, ఆయమ్మ నీ చెవిలో అరిచి, నువ్వు వేరేది చెప్పి, నాకు సిగ్గయి పెట్టేసినా. అందుకని జాబు. జాబుకు చెవులు అక్కరలేదు గదా.

నువ్వు నగరికి నీ బిడ్డ రేవతమ్మ కాడికి పోయి రెండేళ్ళు కావస్తా ఉండాది. నీ తర్వాత ఓనరు ఎవరినీ పెట్టలేదు. కాంప్లెక్సు పైపులకంతా నేనొక్కణ్ణే. కింద అంగళ్ళు, పైన రెండంతస్తుల రూములు, మిద్ది మీద ట్యాంకి. ఒకతావ కట్టు కడితే ఇంకొకతావ కారతాది. పైపులకు వయసయింది. నాకూ అయింది. మెట్లు ఎక్కేటప్పుడు మోకాళ్ళు మాట్లాడతాయి.

అసలు సంగతి ఇది. ట్యాంకి నుంచి కిందికి దిగే పెద్ద పైపు ఉండాది గదా, శకుంతలమ్మ జాకెట్ల అంగడి సీలింగు కింద వంపు తిరిగేది. ఆ వంపు కాడ తుప్పు పెచ్చులు రాలతా ఉండాయి. తుడిస్తే చెయ్యి తడి అవతాది. ఆయమ్మ ఏమన్నదంటే, "శాంతయ్యా, పైన దేవుడు, మద్దెలో నీ పైపు, కింద నేను. ఇద్దర్లో ఎవరు ముందు పడతారో తెలీక మిషను తొక్కతా ఉండా" అన్నది. నాకు నోరు లేస్తాదా? కాని ఆ పొద్దు లేచింది. "చుక్క పడనీనమ్మా" అనేసినా. ఎందుకన్నానో తెలీదు.

రూతు నాయుడుపేటకు వచ్చేయమంటాది. "ఎన్నాళ్ళు నాయనా ఆ తుప్పులో" అంటాది. పోవాలనే ఉండాది. ఆ వంపు మారిస్తే పోతా.

శాంతయ్య

*

నగరి
ఫిబ్రవరి 27

ఏమబ్బా శాంతయ్యా,

నీ జాబు అందింది. రెండేళ్ళకు నాలుగు మాటలు మాట్లాడినావు, సంతోషం. నా పక్కన పనిచేసిన కాలమంతా కలిపినా ఇన్ని మాటలు ఇనలేదు. అప్పుడు చెవులు బాగుండినాయి, నువ్వు మాట్లాడలేదు. ఇప్పుడు నువ్వు మాట్లాడతావు, చెవులు లేవు.

ఈడ పొద్దస్తమానం మగ్గాల చప్పుడు. చుట్టుపక్కలందరికీ తలనొప్పి, నాకొక్కడికే సుఖం.

నువ్వు అన్న వంపు నాకు తెలుసు. దాన్ని నువ్వూ నేనూ కలిసి బిగించిందే. జనపనార చుట్టి తెల్లరంగు పూసి, నువ్వు కింద నిలబడి పట్టుకుంటే నేను తిప్పినా. మంచి అతుకు. అతుకు పోదు, ఇనుమే పోతాది.

కట్టుతో కాలం గడపొద్దు. చిన్న ఓనరు రూపేష్ కాడికి పోయి, ట్యాంకి ఖాళీ చేసి పైపు మార్చాలని చెప్పు. చెప్పు అంటే, వాకిట్లో నిలబడి తల గోక్కుని రావడం కాదు. నోరు తెరిచి చెప్పు. ఈ లోపల మిద్ది మీది గేటు వాల్వు సరిగ్గా మూసుకుంటాదా సూసుకో. పైపు పగిలిన పొద్దు ఆ వాల్వు ఒక్కటే నీకు దిక్కు. అది మూస్తే ట్యాంకి నీళ్ళు పైనే నిలిచిపోతాయి. మూయకపోతే ట్యాంకి అంతా ఆయమ్మ నెత్తినే.

మునస్వామి

*

తిరుపతి
మార్చి 10

మేస్త్రి మునస్వామన్నకు,

ఓనరు కాడికి పోయినా. నోరు తెరిచినా. "ఎండాకాలం సెలవులన్నా, యాత్రికులు వస్తారు, రూములన్నీ బుక్కయిపోయినాయి, ఇప్పుడు నీళ్ళు ఆపితే ఎట్ల? జూన్ దాటినాక సూస్తాం" అన్నాడు. మంచోడే. మర్యాదగానే అన్నాడు. తల గోక్కుని వచ్చేసినా.

మిద్దెక్కి వాల్వు సూసినా. చక్రం తిరగలేదు. రెంచి వేసినా. తిరగలేదు. కిరసనాయిలు పోసి ఒక పూట వదిలి మళ్ళా పట్టినా. లేదు. ఇంకా బలం పెడితే చక్రం కింది ఇనుప కాడ ఇరిగిపోతాదని భయమేసి వదిలేసినా. నా చేతిలో ఇరిగితే ఆపేది యాడ?

అన్నా, ఒక్కసారి రా. ఒక్క పొద్దుకే. నీ చెయ్యి పడితే కదులుతాది. దానికి నీ చెయ్యి తెలుసు. నగరి బస్సు దిగినతావ నేనుంటా. తిరిగి బస్సెక్కిస్తా.

శకుంతలమ్మ పైపు కింద తెల్ల గుడ్డ కట్టింది, చుక్క పడితే తెలవాలని. పొద్దున్నే అంగడి తీస్తానే ఇద్దరం ఆ గుడ్డనే సూస్తాము.

నీ అక్షరాలు కొంచెం వంకర పోయినాయి. కండ్లద్దాలు మార్చుకో.

శాంతయ్య

*

నగరి
మార్చి 29

శాంతయ్యకు,

అక్షరాలు వంకరే. రేవతి మగ్గం పక్కన కూర్చోని రాస్తా ఉండా, బల్ల అదురతాది.

రావాలనే ఉండాది. ఈ నెలలో కుదరదు. అల్లుడు నూలు కోసమని చెన్నై పక్క తిరగతా ఉండాడు, ఇంట్లో మగోడు ఉండాల. ఉగాది పోనీ, సూస్తా.

అది సరే, వాల్వు బిగుసుకుపోవడం ఏంది? నేను వచ్చేటప్పుడు వెన్న మాదిరి తిరిగేది. పోయిన దసరాకు ఆయుధపూజనాడు తిప్పలేదా? అంతకు ముందు దసరాకు?

ఏటా నేను చేసేది నీకు తెలిసిందే గదా. రెంచీలు, పైపులకు మరలు కోసే డై, అన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టి మిద్దెక్కేవాణ్ణి. వాల్వుకు బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, చక్రాన్ని కడదాకా మూసేది. కొంచెం సేపు అట్లనే ఉంచేది. మా మేస్త్రి గోవిందయ్య నేర్పినాడు. "ఏడాదంతా పారతానే ఉంటాయిరా, నీళ్ళకు కూడా ఒక పూట సెలవు ఇయ్యాల" అనేవాడు. మళ్ళా కడదాకా తెరిచి, చివర్లో అర చుట్టు వెనక్కి తిప్పాల. ఎందుకని అడిగితే, "బిగించి కట్టిన గొడ్డు లెయ్యదు" అనేవాడు. అంతకు మించి ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. పూజలో ఒక భాగం అనుకుంటి.

ఇప్పుడు యోచన చేస్తే భయమేస్తా ఉండాది. మన నీళ్ళు ఉప్పు నీళ్ళు. ఏడాదికొకసారి ఆ తిప్పడమే దాన్ని బతికించిందేమో.

మునస్వామి

*

తిరుపతి
ఏప్రిల్ 9

అన్నకు,

నీ జాబు సదివి మెట్లమీద కూర్చున్నా.

నాకు తెలీదన్నా. నువ్వు పూజకు మిద్దెక్కితే నేను యానాడూ పైకి రాలేదు. కింద మోటరు కాడ నిలబడేవాణ్ణి. కుళాయిలు కొంచెం సేపు ఆగేవి. పైన అన్న ఏదో చేస్తా ఉంటాడు అనుకునేవాణ్ణి. తర్వాత నువ్వు దిగి వచ్చి నా చేతిలో బొరుగుల పొట్లం పెట్టేవాడివి. బొరుగులు, పుట్నాలు, బెల్లం. తినేవాణ్ణి. అంతే నాకు తెలిసిన ఆయుధపూజ.

మాకు పూజ లేదు గదా అని రెండు దసరాలూ ఊరికే ఉండిపోయినా. రెంచీలు కడిగి తుడిచి పెట్టినా. నువ్వు మరిచిపోవద్దని చెప్పిపోయింటే చేసుండేవాణ్ణి. నువ్వు పిలవలేదు, నేను రాలేదు.

పిలిచింటే వచ్చేవాణ్ణి.

తెల్లగుడ్డ మీద మొన్న మరక పడింది. ఎర్రగా, పావలా బిళ్ళంత. శకుంతలమ్మ మరక మీద వేలు పెట్టి సూసింది. గుడ్డ మార్చింది. పెళ్ళిళ్ళ కాలం. అంగడి నిండా పట్టు జాకెట్లు. అన్నీ జనాలవి. ఆయమ్మకు ఆ అంగడి తప్పితే ఇంకేమీ లేదని నీకు తెలుసు.

ఉగాది పోయింది. నువ్వు రాలేదు. వచ్చేది లేకపోతే లేదని చెప్పు. బస్టాండులో రెండు పొద్దులు నిలబడినా. నువ్వు వస్తానని రాయలేదు, సూస్తానని రాసినావు. అయినా నిలబడినా.

శాంతయ్య

*

నగరి
ఏప్రిల్ 18

తమ్ముడు శాంతయ్యకు,

బస్టాండులో నిలబడినానన్నావే, ఆ మాట సదివి అన్నం గిన్నె పక్కన పెట్టి కాగితం తీసినా.

అల్లుడు చెన్నై పోలేదు. ఇంట్లోనే ఉండాడు. మగ్గం పక్కన బల్ల కూడా లేదు.

పోయిన చలికాలంలో ఒక పొద్దున నిద్ర లేస్తే కుడిచెయ్యి నాది కాదు. పక్కన ఎవరిదో పెట్టిపోయినట్టు పడుండాది. మూతి కొంచెం తిరిగింది, అది సర్దుకుంది. చెయ్యి సర్దుకోలేదు. పుత్తూరు కట్టు కడితే వస్తాదేమోనని ఒకడన్నాడు. "ఇరిగితే కడతారు గానీ చచ్చుబడితే కడతారా" అని రేవతి వాణ్ణి తిట్టి పంపింది. ఇది ఎడమచేత్తో రాస్తా ఉండా. ఒక్క జాబుకు రెండు పొద్దులు పడతాది.

నీకెందుకు చెప్పలేదంటే ఏం చెప్పాల. ఈడ నన్ను అందరూ తాత అంటారు. మొన్న ఇంట్లో కుళాయి వాచరు పోతే రేవతి వీధిలో ఎవరినో పిలిచింది. వాడు బిగిస్తా ఉంటే నేను అటుపక్క తిరిగి కూర్చున్నా. నీ జాబు ఒక్కదానిమీదే "మేస్త్రి" అని ఉంటాది. పోస్టాయన నగరిలో ఆ పేరుతో నన్ను వెతికి ఇస్తాడు. దాన్ని పోగొట్టుకోబుద్ధి కాలేదు.

పూజకు నిన్నెందుకు పిలవలేదంటే, పిలిస్తే మీ పాస్టరు ఏమంటాడో, నువ్వు మొగమాటానికి వచ్చి బాధపడతావేమోనని. నీ మర్యాద కాపాడతా ఉండాననుకుంటి. నువ్వు నాది కాపాడినావు. మనిద్దరి మర్యాదా కలిసి వాల్వును బిగించేసినాయి.

ఇప్పుడు ఇను. బలం పెట్టొద్దు. మూయాలని సూడొద్దు, కదిలించాలని సూడు. దినామూ పైకెక్కు. కాడ చుట్టూ నూనె పొయ్యి. చక్రాన్ని మూసే పక్క వెంట్రుకంత, తెరిచే పక్క వెంట్రుకంత. సుత్తితో కాడ మెడ మీద మెల్లగా తట్టు, పసిబిడ్డ వీపు తట్టినట్టు. ఒక పొద్దు కదలకపోతే తిట్టుకోకుండా దిగిరా. ముసిలోళ్ళను లేపే పద్ధతి అదే. ముందు కూర్చోబెట్టాల, తర్వాత నిలబెట్టాల.

పైపు కింద పాత ఫ్లెక్సీ ఏదన్నా దోనె మాదిరి కట్టి, చివర వెనక కాలవలోకి దించు. పడితే అందులో పడాల.

నా చెయ్యి వస్తాదని ఎదురుసూడొద్దు. నీ చెయ్యితోనే చెయ్యి.

మునస్వామి

*

తిరుపతి
మే 24

మేస్త్రి మునస్వామన్నకు,

జవాబు రాయడానికి ఇన్ని దినాలు పట్టింది. నీ చెయ్యి గురించి ప్రార్థన చేస్తా ఉండా. మేస్త్రి అని రాస్తానే ఉంటా.

నువ్వు చెప్పినట్టే చేసినా, ఫ్లెక్సీ కూడా కట్టినా. దినామూ పొద్దున, సాయంత్రం మిద్దెక్కినా. మొదటి వారం ఏమీ లేదు. ఎండకు చక్రం కాలిపోయేది, గుడ్డ చుట్టి పట్టుకునేవాణ్ణి. తర్వాత ఒక పొద్దు గింజంత కదిలింది. నాకు నవ్వొచ్చింది. పైన ఎవరూ లేరు. అప్పట్నుంచి కొంచెం కొంచెం. పోనుపోను సగం దాకా మూసుకునేది. సగంలో ఆగిపోయేది.

పోయిన మంగళవారం మధ్యాహ్నం పైపు పగిలింది. శబ్దం పెద్దదేమీ కాదు. ముసిలోడు దగ్గినట్టు. నేను మోటరు కాడ సంగటి తింటా ఉండా. శకుంతలమ్మ అరిచింది. "శాంతయ్యా, దేవుడు కాదు, నీ పైపే ముందు పడింది!"

చెయ్యి కడగకుండానే మెట్లెక్కినా. మోకాళ్ళు ఏమన్నాయో ఇనలేదు. చక్రం తిప్పినా. సగం మూసుకుంది. ఆగిపోయింది. నా బరువంతా పెట్టినా. రాలేదు. ఇరగనూ లేదు. ఇంక నాకు చేతనయింది అదే. కిందికి దిగి వస్తే నీళ్ళు సగానికి తగ్గినాయి. సగం ధారను ఫ్లెక్సీ మోసింది. కాలవలోకి పారతా ఉండాది. మొత్తం ధార అయింటే ఫ్లెక్సీ చినిగిపోయుండేది. పక్కంగడోళ్ళు మిషన్లు బయటికి మోసినారు. నేను ట్యాంకి ఖాళీ అయ్యేదాకా ఫ్లెక్సీ అంచు పట్టుకొని స్టూలు మీద నిలబడినా.

మిషన్లు మిగిలినాయి. జాకెట్లలో చాలావరకు మిగిలినాయి. ఒక అలమర తడిసింది. అందులో చంద్రగిరి పెళ్ళికూతురి పట్టు జాకెట్లు ఉండినాయి. తుప్పు నీళ్ళు గదా, పోలేదు మరక. ఆయమ్మ వాటిని ఒక్కొక్కటే తీసి తాడు మీద ఆరేసింది. నన్ను తిట్టలేదు. తిట్టింటే బాగుండును.

"చుక్క పడనీనంటినమ్మా" అన్నా.

"అంటివి" అన్నది. జాకెట్టు తాడు మీద సర్ది, "ఆ పైపు కింద పదేండ్లు కూర్చున్నా. చుక్క పడనీనని అన్నోడివి నువ్వొక్కడివే. మూడొంతులు నిలబెట్టినావు లే. ఇంక స్టూలు దిగు, పోయి సంగటి తిను" అన్నది.

పెళ్ళికూతురోళ్ళు వచ్చి గట్టిగానే అరిచినారు. ఆయమ్మ తల వంచుకొని ఇనింది. అది సూడలేక నేను వెనక్కి పోయినా.

పై రూముల్లో నీళ్ళాగి, తలకు సబ్బు పెట్టుకున్నోళ్ళు అట్లనే ఆఫీసు మీదికి వచ్చినారు. ఓనరు అప్పుడు ఇన్నాడు. పైపు మారుస్తా ఉండారు. అంతా ప్లాస్టిక్కే. నార వద్దంట, రంగు వద్దంట, జిగురు పూసి దూరుస్తారంట. వాల్వు కూడా కొత్తది అడిగినా. నోరు తెరిచే అడిగినా. చక్రముండేదే కావాలన్నా. పెట్టినారు.

పాత వాల్వు ఇనుప సామాన్లోడికి వెయ్యలేదు. నా గదిలో ఉండాది.

శాంతయ్య

*

నగరి
జూన్ 8

తమ్ముడు శాంతయ్యకు,

సగం మూసినావు. నా చేతిలో ఉన్నా సగమే మూసుకునేది. మాట వరసకు చెప్పడం లేదు.

ఎడమచెయ్యి ఇప్పుడు కొంచెం ఇంటా ఉండాది. మనవడి సైకిలుకు బోల్టు బిగించినా. వదులుగా ఉండాదని వాడు మళ్ళా బిగించుకున్నాడు. పరవాలేదు.

నువ్వు నాయుడుపేటకు పో. ఇంక చాలు. కాని దసరా దాకా ఉండి పో. కొత్త వాల్వే గదా అని వదిలేస్తారు, ఏ వాల్వయినా మొదట కొత్తదే. దసరానాడు పైకెక్కి తిప్పు. పూజ చెయ్యమనడం లేదు. నీ దేవుణ్ణి తలుచుకొనే తిప్పు. ఈసారి నేను పిలస్తా ఉండా. పైకెక్కు.

నీ తర్వాత ఎవరు తిప్పతారో అది కూడా సూసి పో.

మునస్వామి

*

తిరుపతి
అక్టోబరు 2

మేస్త్రి మునస్వామన్నకు,

నిన్న ఆయుధపూజ. మిద్దెక్కినా.

ముందు పొద్దు శకుంతలమ్మ తన మిషన్లకు పసుపు పెట్టుకుంటా ఉంటే పోయి చెప్పినా. వాల్వు సంగతి, నీ మేస్త్రి గోవిందయ్య సెలవు సంగతి, నేను పోయినాక ఎవరో ఒకరు తిప్పాలన్నది, అంతా. నాకు చెప్పేదానికి చాలా సేపు పట్టింది. ఆయమ్మ సూదిలో దారం ఎక్కిస్తానే ఇనింది. "అంటే నా నెత్తి మీది నీళ్ళకు తాళం పైన ఉండాదా? ఇన్నాళ్ళూ నాకు ఒక్కరూ చెప్పలేదే!" అన్నది. "ఎవరో ఎందుకు, నేనే తిప్పతా. మిషను చక్రం తిప్పే చెయ్యికి ఇదొక లెక్కా?"

నిన్న నాతోనే మిద్దెక్కింది. వాల్వుకు పసుపు పూసి బొట్టు పెట్టింది, నిమ్మకాయ కోసింది. నేను టోపీ తీసి పక్కన నిలబడినా. నాకు తెలిసిన నాలుగు మాటలు లోపల చెప్పుకున్నా. తర్వాత ఆయమ్మ చక్రం పట్టుకుంది. "యా పక్కకు?" అన్నది. సూపించినా. కడదాకా మూసుకుంది.

అన్నా, నాకు ఒకటి తెలీదు ఇన్నేళ్ళూ. వాల్వు మూసినాక కాంప్లెక్సు అంతా ఒక్కసారి నిశ్శబ్దమవతాది. గోడల్లో పారేదంతా ఆగిపోతాది. ఆ చప్పుడు నేను ఇంతకాలం ఇంటానే ఉండా, ఆగినాక గానీ అది చప్పుడని తెలీలేదు. బయట జనం, బస్సులు, అన్నీ దూరంగా. నువ్వు ఏటా పైన ఒక్కడివే ఇన్నది ఇదేనా? నేను కింద మోటరు కాడ ఏమీ ఇనలేదు.

రెండో అంతస్తులో ఒకాయన "నీళ్ళు రాలేదేందయ్యా" అని కేకేసినాడు. శకుంతలమ్మ కిందికి తొంగి సూసి, "సెలవు, ఉండు" అన్నది.

మళ్ళా తెరిచినాము. చివర్లో అర చుట్టు వెనక్కి తిప్పకుండానే చెయ్యి తియ్యబోయింది. చెప్పినా. "ఎందుకు?" అన్నది. బిగించి కట్టిన గొడ్డు లెయ్యదన్నా. నవ్వింది. తిప్పింది. ఏటా తిప్పతానన్నది.

చంద్రగిరోళ్ళ జాకెట్లకు ఆయమ్మ సొంత డబ్బుతో కొత్త గుడ్డ కొని కుట్టిచ్చింది. అది ఇంకా నా లోపల ఉండాది. ఉంటాది.

గది ఖాళీ చేసినా. రెంచీలు ఓనరుకు ఒప్పజెప్పినా. పాత వాల్వు మాత్రం సంచిలో వేసుకున్నా. రూతుకు నాయుడుపేట వస్తానని చెప్పినా, కాని ముందుగా ఈ శనివారం నగరి బస్సెక్కతా ఉండా. నువ్వు బస్టాండుకు రావద్దు. ఇల్లు అడుక్కుంటా వస్తా. మేస్త్రి మునస్వామి ఇల్లు యాడని అడుగుతా. వీధిలో అందరికీ ఇనపడేటట్టే అడుగుతా.

శకుంతలమ్మ పూజ బొరుగులు పెట్టింది. నాది తినేసినా. నీ వంతు పొట్లం కట్టినా. మెత్తబడకముందే తెస్తా.

శాంతయ్య